మంత్రం లేని లస్కరు

పోయిన వారం మా మనవడు ఫోన్‌లో ఏదో యుద్ధపు ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. అందులో ఒక సైనికుడు చెయ్యెత్తగానే ఏరు పొంగి శత్రువుల దారికి అడ్డం వచ్చింది. వాడు కేరింత కొట్టాడు గానీ, నాకు మాత్రం రేపల్లెలో మా పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుని, “ఎత్తంగానే నీళ్ళొచ్చేస్తే అది మంత్రం కాక ఏంటిరా?” అని అడిగిన ఆదివారం గుర్తుకొచ్చింది. ఆ ప్రశ్నకు మేం చెప్పబోయే జవాబు మీద మా అన్నయ్య ఆదివారాలన్నీ ఆధారపడి ఉన్నాయి.

తొంభైల మొదట్లో నేను తెనాలిలో ఒక దినపత్రికకు విలేకరిని. బాపట్లలో చదువుకుంటున్న మిత్రుడొకడు మద్రాసు నుంచి ఒక ఆట నిబంధనల జిరాక్సు కాగితాలు తెచ్చాడు. అట్ట మీద గళ్ళు గీసుకుని, తలా ఒక పాత్ర తీసుకుని, వంతులవారీగా ఎవరేం చేస్తారో చెప్పి పాచికలు వెయ్యడమే ఆట. శత్రువులంటే చింతగింజలు, వాటిని నడిపేది ఆ మిత్రుడు. నేను కత్తివీరుణ్ణి. అన్నయ్య, అంటే మా పెద్దమ్మ కొడుకు, రేపల్లెలో బడిపంతులు, మాంత్రికుడి పాత్ర తీసుకున్నాడు. అన్నయ్యకు ఎవరినీ చంపడం ఇష్టం ఉండేది కాదు. దారులు మూసి, శత్రువుల్ని తను అనుకున్న వైపుకు మళ్ళించడమే సరదా. పెదనాన్న పోయాక బడి, ఇల్లు, చర్చి తప్ప మరో లోకం ఎరగని మనిషి, ఆదివారం ఆరాధన కాగానే ప్యాసింజరెక్కి నా గదికి వచ్చి, ఆ రెండు మూడు గంటలూ నోరారా నవ్వి వెళ్ళేవాడు.

ఒకరోజు పెద్దమ్మకు అన్నయ్య సంచిలో ‘మాంత్రికుడు’ అని కొడుకు దస్తూరీతోనే రాసివున్న కాగితం దొరికింది. మాది లూథరన్ కుటుంబం. తాయెత్తు కట్టించుకున్నవాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి ఆవిడ. ఇక తెనాలి ప్రయాణాలు వద్దంది. ముప్పై దాటినా తల్లి వద్దన్నచోటికి అన్నయ్య వెళ్ళడు. మరుసటి ఆదివారం ప్యాసింజరు వచ్చింది, తను దిగలేదు.

మంత్రం లేకుండా మాంత్రికుడి పనంతా చేసే పాత్ర నేను తయారుచేస్తానని మాటిచ్చాను. పెదనాన్న కాలవ మీద లస్కరుగా చేశారు. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, గండి పడితే ఇసుకబస్తాలు వెయ్యడం ఆయన ఉద్యోగం. ఆయన్నే ఆటలోకి తీసుకున్నాను. షట్టరెత్తితే ఐదు గళ్ళు బురద, అందులో చిక్కినవాడికి రెండు వంతులు పోతాయి. ఒక బస్తా వేస్తే ఒక గడి మూసుకుపోతుంది. మూడు వారాలు రాసి కొట్టేస్తూనే ఉన్నాను. బలం చాలకపోతే అన్నయ్యకు విసుగు, ఎక్కువైతే మా మిత్రుడు ఒప్పుకోడు. అన్నిటికీ మించి పెద్దమ్మ భయం. తన కళ్ళముందు ఆడి చూపించమని కబురు పెట్టింది మరి.

అలా అందరం రేపల్లె వెళ్ళాం. మొదటి వంతులోనే అన్నయ్య షట్టరెత్తాడు, నేను బురదకు గుర్తుగా ఐదు గళ్ళ మీద తడిసిన గుడ్డపీలికలు పరిచాను. పెద్దమ్మ ఆ ప్రశ్న వేసింది అప్పుడే.

“మీ నాన్న పొద్దున్నే ఎత్తితే చివరి చేలకి సాయంత్రానికి గానీ తడి తగిలేది కాదు,” అంది.

“ఆటలో అంత టైం ఉండదండి పెద్దమ్మగారూ,” అన్నాడు మా మిత్రుడు.

“టైం లేకపోతే ముందే ఎత్తుకోవాలి నాయనా. లస్కరు పనంటే అదే.”

కాలవలకు నీళ్ళు వదిలారని అన్నేళ్ళుగా వార్తలు రాస్తున్నాను గానీ, చివరి చేనుకు ఎప్పుడు చేరాయని ఒక్కసారీ అడిగినవాణ్ణి కాను. గుడ్డపీలికలు తీసేసి, నీళ్ళు మూడు వంతుల తర్వాతే వస్తాయని అక్కడికక్కడ నిబంధన మార్చాను. అన్నయ్య ఒక్క గింజ కూడా లేని మూలను చూపించి అక్కడికి నీళ్ళు వదులుతున్నానన్నాడు.

“ఏంటి మాస్టారూ, బీడుకి నీళ్ళు పెడుతున్నారా?” అని మా మిత్రుడు ఏడిపించాడు.

రెండు వంతులు గడిచేసరికి నా కత్తివీరుడికి మూడు దెబ్బలు తగిలాయి. మంత్రం లేని ఈ లస్కరు ఆటలో నిలవకపోతే ఇదే ఆఖరి ఆదివారమని నాకూ అన్నయ్యకూ తెలుసు. తను మాత్రం ఒక్కొక్క బస్తా వేసి ఒక్కొక్క దారి మూస్తూ వచ్చాడు. మూడో వంతు ముగిసేసరికి పన్నెండు గింజల్లో ఏడు ఆ మూలకే చేరాయి, నీళ్ళూ వచ్చాయి. వాటిని తరుముకుంటూ వెళ్ళిన నేను కూడా ఆ బురదలోనే చిక్కాను.

“తమ్ముణ్ణి కూడా దింపావేంట్రా,” అని పెద్దమ్మ లేచి పొయ్యి మీద కూర చూసుకోవడానికి వెళ్ళింది.

ఆ వెనకే వెళ్ళి, వచ్చే ఆదివారం తెనాలి వెళ్ళొచ్చా అని అన్నయ్య అడిగాడు. “చూద్దాంలే,” అందట. ఆ తర్వాత ప్రతి శనివారమూ తను అడగడం, ఆవిడ ఆ మాటే అనడం, ఆదివారం తను బెరుకుబెరుకుగానే రైలెక్కడం. నాకు వేరే ఊరికి బదిలీ అయి ఆట ఆగిపోయేదాకా రెండేళ్ళు ఇలాగే సాగింది.

ఇప్పుడు ఎవరి ఆట వాళ్ళ చేతిలోనే ఉంటుంది, ఎవరినీ అడగనక్కర్లేదు, పక్కన కూర్చుని తప్పు పట్టే పెద్దవాళ్ళూ లేరు. పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అది మంత్రం కాదని నమ్మిందో, కొడుకు నవ్వు చూసి ఊరుకుందో మాకు తెలియదు. ‘సరే, వెళ్ళిరా’ అని మాత్రం ఆవిడ ఒక్కసారీ అనలేదు.