మోకాలి లోపు కుక్క

మా అపార్ట్‌మెంట్ టవర్‌లో ఎవరినడిగినా ఒకటే కథ చెబుతారు. ఇంత పెద్దదవుతుందని తెలిసే నేనా కుక్కపిల్లను తెచ్చానట, కమిటీని మోసం చేశానట. తెలియడానికి నేనేమన్నా జాతకాలు చూసే మనిషినా? అది ఎంతవుతుందో తేల్చుకోవడానికి నేను వాకబు చేసినంత, నా పెళ్లి సంబంధానికి మా నాన్న కూడా చేయలేదు.

కోకాపేటలో మా పక్కన కడుతున్న బిల్డింగ్ ఇసుక కుప్ప మీద దొరికింది, అరచేతిలో పట్టేంత. తల్లి జాడ లేదు. మా కమిటీ నియమాల్లో ఒక వాక్యం ఉంది: పెంపుడు కుక్క పూర్తిగా ఎదిగాక మోకాలి ఎత్తు దాటరాదు. అందుకని మర్నాడే సెక్రటరీ గారు దిగారు. ఆయనది కడప. అక్కా అని పిలిచారంటే నోటీసు వచ్చిందన్నమాటే.

"అక్కా, ఇది ఎంత పెరుగుతాది?"

"ఇప్పుడే ఏం తెలుస్తుంది?"

"వాళ్ల నాయన ఎంతుంటాడు?"

"నాకు పరిచయం లేదు."

ఆయన నవ్వలేదు. మోకాలు దాటదని రాసి సంతకం పెట్టాలన్నారు. కనుక్కుని పెడతానన్నాను.

అందరూ పంజాలు చూడమన్నారు. పంజా పెద్దదైతే కుక్క పెద్దదట. ఈ మాట కనిపెట్టినాయనకు చెప్పుల కొట్టు ఉండి ఉంటుంది. దీని పంజాలు రూపాయి బిళ్లలంతే. మా ఆయన దాని ఫోటో తీసి ఫోన్‌లో ఏదో యాప్‌కు చూపిస్తే, అది మూడు విదేశీ జాతుల పేర్లు చెప్పి, నాలుగోసారి గొర్రెపిల్ల అంది. చివరికి పశువుల డాక్టరు గారు, "నాలుగో నెలలో ఉన్న బరువుకు రెట్టింపు అవుతుందండీ, కాస్త అటూ ఇటూ. ఎత్తు మాత్రం తల్లిదండ్రుల్ని చూడందే చెప్పలేనండీ," అన్నారు. నాలుగో నెలలో ఏడు కిలోలు తూగింది. పద్నాలుగు కిలోల కుక్క ఎంతుంటుందిలే అని సంతకం పెట్టేశాను.

ఏడాది తిరిగేసరికి పద్నాలుగు కిలోలే. డాక్టరు గారి మాట పొల్లు పోలేదు. కాకపోతే ఆ బరువంతా కాళ్లలోకి పోయింది.

పోయిన వారం సెక్రటరీ గారు టేపు పట్టుకుని వచ్చారు. దాని వీపు ఆయన మోకాలి కంటే మూడు వేళ్లు పైనుంది.

"దాటిండాది అక్కా. ఆదివారం లోపల ఎవరిదన్నా ఫామ్‌హౌస్‌కు పంపించేయండి."

"ఎవరి మోకాలు దాటింది?" అన్నాను.

మా ఆయన ఆరడుగుల మనిషి. ఆఫీసు మీటింగులో ఉన్నవాణ్ణి చెవిలో ఇయర్‌ఫోన్లతో సహా లాక్కొచ్చి పక్కన నిలబెట్టాను. ఆయన మోకాలి కింద ఇంకా వేలెడు సందుంది.

వంటింట్లో గిన్నెలు తోముతున్న మా పనావిడ నానక్‌రామ్‌గూడ మనిషి. ఆమె సెక్రటరీ గారి వైపు తొంగి చూసింది. "గింత పరేషాన్ ఎందుకు సారూ? జర మడమలెత్తి నిలబడు, అయిపాయె!"

సెక్రటరీ గారి మొహం మాడిపోయింది. "రూలంటే రూలే అక్కా."

"రూల్లో మోకాలుంది, మనిషి లేడు. ప్రెసిడెంటు గారి కుక్క మీ నడుము దాకా వస్తుంది. దాన్నెప్పుడు కొలిచారు?"

"దానికి జాతి పేపర్లు ఉండాయి కదక్కా."

అదీ సంగతి. దానికి తండ్రి ఎవరో తెలుసు.

ఆదివారం కమిటీ మీటింగులో గంటన్నర వాదించాను. మా ఇంట్లో నా మాటకు అడ్డం రాకుండా చివరిదాకా వినే ప్రాణి అదొక్కటే, దాన్ని ఫామ్‌హౌస్‌కు పంపే ప్రసక్తే లేదన్నాను. రెండు వారాలు గడువిచ్చి, తగిన మోకాలిని కమిటీ నిర్ణయిస్తుందని మినిట్స్‌లో రాసుకున్నారు. నేను చదివి చూశాను, అచ్చంగా అలాగే ఉంది.

సంతకం పెట్టేటప్పుడు నా మనసులో ఉన్నది మా ఆయన మోకాలే, ఒప్పుకుంటాను. మరి ఆ వాక్యం రాసిన రోజు వాళ్ల మనసులో ఉన్న మోకాలు ఎవరిది?