నాలుగు దిండ్లు మార్చిన మెడ

వెనక నుంచి పిలిస్తే ఎవరైనా తల తిప్పి చూస్తారు. మా తోడికోడలు మాత్రం మనిషి మనిషంతా తిరిగేది, బీరువాని జరిపినట్టు. ఎనిమిది నెలలు అలాగే తిరిగింది. చూసి చూసి నా ప్రాణం విసిగిపోయింది.

ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడల్ని. అక్కా అని పిలుస్తాను. మా వీధి చివర ఒక మేడ కింద ఆమెకి పార్లర్ ఉంది. ఒకటే గది, ఒకటే కుర్చీ, ఎదురుగా గోడంతా అద్దం. పద్నాలుగేళ్ళుగా ఆ కుర్చీ వెనక నిలబడి దారంతో కనుబొమ్మలు తీర్చిదిద్దుతోంది. ఫొటో దిగాలన్నా, ఇంటర్వ్యూకి వెళ్ళాలన్నా వీధిలో ఆడవాళ్ళు ముందు ఆమె దగ్గరికే పరిగెత్తుతారు. అందరికీ ఆమె దారం అక్క.

మెడనొప్పి మొదలవగానే మా ఇంట్లో ప్రతివాళ్ళూ డాక్టర్లైపోయారు. దిండు వల్లే అంది మా అత్తగారు. ఎత్తు దిండు తీసేసి పల్చటిది పెట్టాం. తర్వాత దూదిది, ఆ తర్వాత మధ్యలో గుంట ఉన్నది. ఫోన్ వల్లే అన్నారు బావగారు, తన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే. పక్కింటావిడైతే మెడ పట్టుకుని టక్కున తిప్పితే సరిపోతుందని చేతులు చాపుకుంటూ వచ్చింది. నేను అడ్డుపడకపోతే తిప్పేసేదే. సాయంత్రాలు వేడినీళ్ళలో పిండిన గుడ్డ నేనే వేసేదాన్ని. ఆ పావుగంటా హాయిగా కళ్ళు మూసుకునేది. మర్నాడు మధ్యాహ్నానికల్లా కథ మళ్ళీ మొదటికొచ్చేది.

"పోనీ నాలుగు రోజులు షాపు మూసెయ్యి అక్కా."

"మూస్తే నువ్వొచ్చి చేస్తావా?"

"నాకు రాదుగా."

"రానప్పుడు నోరు మూసుకో."

నొప్పి ఆమెది, చీవాట్లు నాకు. ఆదివారం షాపుకి సెలవు, ఆ రోజు కాస్త తగ్గేది. ఆదివారం కూడా పడుకునేది అదే దిండు మీద కదా అని ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఇంతలో అక్క కుడిచేతి వేళ్ళకి తిమ్మిరి మొదలైంది. ఒక మధ్యాహ్నం స్కూలు టీచరమ్మ కూర్చుంటే దారం అదుపు తప్పి ఆవిడ కనుబొమ్మ చివర సగం ఊడి వచ్చింది. ఆవిడ అరిచినా బావుండేది. అద్దంలో చూసుకుని, "ఫర్వాలేదులెండి" అని మెల్లగా వెళ్ళిపోయింది. ఆ రాత్రి అక్క అన్నం కెలుకుతూ, "నెలాఖరుకి గది ఖాళీ చేసేస్తాను. వేళ్ళకి స్పర్శ తెలియనప్పుడు ఒకరి ముఖం మీద చెయ్యి పెట్టకూడదు" అంది. ఇంట్లో ఆమె మాటకి అడ్డు చెప్పడానికి నలుగురం ఉన్నాం. ఆ గదిలో మాత్రం ఆమె చెప్పిందే చెల్లుతుంది. ఆ గది లేకపోతే ఆమెకంటూ ఏముంది?

మర్నాడే ఆస్పత్రికి లాక్కెళ్ళాను. చేతిలో బలం తగ్గలేదు, ఆపరేషన్ మాట ఎత్తక్కర్లేదన్నారు డాక్టరు. వ్యాయామాలు నేర్పే అమ్మాయి గడ్డాన్ని వెనక్కి తీసుకోవడం, భుజాలు తిప్పడం చూపించింది. నొప్పి ఎక్కువ కానంతవరకే మెడ తిప్పాలంది, తిమ్మిరి పెరిగినా చేతిలో పట్టు తగ్గినా వెంటనే రమ్మంది. చివర్లో, "పని ఎలా చేస్తారు?" అని అడిగింది.

"నిలబడి."

"వంగుతారా?"

"కొంచెం."

అంతే! ఊళ్ళో వాళ్ళ కబుర్లన్నీ గంటలు గంటలు చెప్పే మనిషి, సొంత మెడ గురించి రెండు ముక్కలు చెప్పి ఊరుకుంది. మూడు వారాలు వ్యాయామాలు చేసింది. కొంచెం తగ్గడం, మళ్ళీ పట్టెయ్యడం. నెలాఖరు వచ్చేసింది.

గది ఖాళీ చేసే ముందురోజు సామాను సర్దడానికి వెళ్ళాను. "నువ్వు ఒక్కసారి కూడా చేయించుకోలేదు. రా, చివరి గిరాకీ నువ్వే" అంది. నొప్పంటే నాకు భయం, అందుకే ఇన్నేళ్ళూ తప్పించుకు తిరిగాను. ఆ రోజు కాదనలేక కూర్చుని తల వెనక్కి వాల్చాను. మొదటి లాగుడుకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళు తెరిచి పైకి చూశాను.

దారం ఆమె వేళ్ళ మధ్య నుంచి సాగి మెడ వెనక్కి పోయింది. మెడ చుట్టూ ఉచ్చులా వేసుకుంది. దారం బిగించినప్పుడల్లా తల ఒక్క ఊపు ఊగుతోంది. నాకు ఒక కనుబొమ్మ పూర్తయ్యేసరికి నలభై ఊపులు లెక్కపెట్టాను.

"అక్కా, దారం పళ్ళతో కదా పట్టుకునేదానివి!"

"నోట్లో దారమా, ఛీ అని నిరుడు ఒకావిడ ముఖం చిట్లించింది. అప్పట్నుంచీ మెడకే వేస్తున్నా."

"ఆస్పత్రిలో చెప్పలేదేం?"

"వాళ్ళు అడగలేదుగా. అయినా ఇది దారమేనే, గుదిబండ కాదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోజుకి పాతికమంది, మనిషికి ఎనభై ఊపులు, అదీ ఒంగుని! ఎవరో ముఖం చిట్లించారని మెడ అప్పజెప్పేసింది. మేమేమో ఇంట్లో కూర్చుని దిండ్లు మార్చాం. పార్లర్ మా గుమ్మానికి వంద అడుగుల దూరం కూడా లేదు. ఎనిమిది నెలల్లో ఒక్కరోజైనా వచ్చి ఆమె పని చేస్తుంటే చూడని నన్ను నేనే తిట్టుకున్నాను.

దారం రెండు కొసలూ ముడేసి, రెండు చేతులతోనే చేసే పద్ధతి ఒకటుందట. "అది నాకు అలవాటు లేదు. ఈ వయసులో ఓనమాలా?" అని నీళ్ళు నమిలింది.

"దిద్దు."

"ఎవరి మీద దిద్దను?"

నేను మళ్ళీ తల వాల్చాను.

కుర్చీ కాళ్ళ కింద ఇటుకలు పెట్టి, కదలకుండా బిగించి ఎత్తు పెంచాం. ముగ్గురికి చేసి పది నిమిషాలు ఆగాలని షరతు పెట్టాను. గది ఖాళీ చెయ్యడం ఇంకో నెల వాయిదా పడింది. ఆ నెలంతా ఆమె చేతులకి నా ముఖమే పలక. కుడి కనుబొమ్మ సగం పోయింది, ఎడమదాని మధ్యలో సందు పడింది. ఎవరితో కొట్లాడావే అని అత్తగారు అడిగితే కొంగు నుదుటి మీదికి లాక్కున్నాను. అద్దం చూసుకున్నప్పుడల్లా మాత్రం ఏడుపొచ్చేది. నెల గడిచేసరికి ఆమె వేళ్ళ తిమ్మిరి తగ్గింది, గది ఖాళీ చేసే మాటా మళ్ళీ ఎత్తలేదు.

నిన్న సాయంత్రం కూరగాయల సంచీతో వస్తున్నాను. అక్క నాకు వీపు పెట్టి షాపుకి తాళం వేస్తోంది.

"అక్కా!"

చేతులు తాళం మీదే ఉన్నాయి, కాళ్ళు కదల్లేదు. తల ఒక్కటే తిరిగింది. నా ముఖం చూసి కిసుక్కున నవ్వి, "రేపు ఆ కుడిది సరిచేస్తాలే" అంటూ మళ్ళీ తాళం వైపు తిరిగింది.

నాకు చెప్పాల్సిన మాటేమీ లేదు. అయినా ఇంకోసారి పిలిచాను.

"ఏంటే?" అని విసుక్కుంటూ మళ్ళీ తల తిప్పింది.