చిన్నత్త నేర్పిన దొంగ ఊపిరి

పొద్దున వంటింట్లో బియ్యం ఏరుతుంటే ముందుగదిలోంచి మనవరాలి సంగీతం క్లాసు వినిపించింది. ఇప్పుడు ఫోన్లోనే తంబూరా మోగుతుంది, ఫోన్లోనే పంతులమ్మ ఉంటుంది. గొంతుతో కాదమ్మా, కడుపు నిండా ఊపిరి తీసుకొని పాడు అంటున్నదామె. ఆ మాట వినగానే నా చెయ్యి నాకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. మా చిన్నత్త అరచెయ్యి అక్కడ ఎన్నిసార్లు ఆనిందో ఆ దేవుడికే తెలుసు.

చిన్నత్త అంటే మా బాపుకు, అదే మా నాన్నకు, చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే మా ఇంటికి వచ్చి ఉండిపోయింది. నాకు చదువూ పాటా రెండూ ఆమె దగ్గరే. మా వాడంతా సాంచెలు. మరమగ్గాలను మా వైపు అలాగే అంటారు. ఆ మోతలో మామూలు మాటలు కూడా అరిచి చెప్పుకొనేవాళ్లం. కొత్తగా వచ్చిన చుట్టాలు ఇంట్లో కొట్లాట జరుగుతోందనుకొని గడప దగ్గరే ఆగిపోయేవారు. పాటా అంతే. ఆడవాళ్లం భజనకు కూర్చుంటే ఒకరిని మించి ఒకరం తారస్థాయికి ఎక్కేవాళ్లం. పైన కేక పెడితేనే పాడినట్టు. చిన్నత్తకు అది నచ్చేది కాదు. "ముందుగాల నీ పాట నీకు ఇనవడాలె బిడ్డా," అనేది. ఊపిరి తీస్తే పొట్ట ముందుకు రావాలి, భుజాలు లేవకూడదు. పాటలో ఒక వరుస ముగిశాక ఆగి తీయకూడదు. పక్కవాళ్ల గొంతు నిండుగా ఉన్నప్పుడే ఎవరికీ తెలియకుండా తీసుకోవాలి. దానికి ఆమె పెట్టిన పేరు దొంగ ఊపిరి. నా జీవితంలో నేర్చుకొన్న దొంగతనం అదొక్కటే.

మార్కండేయుడి గుడిలో ఏటా ఏకాహం జరిగేది. ఒక పొద్దుపొడుపు నుంచి మరో పొద్దుపొడుపు దాకా నామం తెగకూడదు. జట్లు మారుతుంటాయి గాని నామం ఆగదు. ఆగిందా, ఆ ఏడు ఏకాహం చెడినట్టే. ఆడవాళ్లకు ప్రసాదం వండటమే తప్ప పాడే వంతు ఉండేది కాదు. భజనకు పెద్ద, హార్మోనియం వాయించేవాడు మా పెద్దబాపు, బాపుకు అన్న. చిన్నత్త ఏళ్ల తరబడి అడగ్గా చివరికి ఒక ఏడు మధ్యాహ్నం పూట ఒక వంతు ఒప్పుకున్నాడు. "ఇస్త చెల్లే. కని మీ దగ్గర తెగిందంటే మళ్ల నన్ను అడుగద్దు," అన్నాడు.

తీరా ఏకాహం నాటి పొద్దున లేచేసరికి చిన్నత్త గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగినా గాలి తప్ప మాట రాలేదు. ముందు పాడేది నువ్వేనని నాకు సైగ చేసి, తాను తాళాలు పట్టుకుంది.

మగవాళ్ల నుంచి నామం అందుకున్నాం. హార్మోనియం వాళ్ల శ్రుతిలోనే ఉంది, మగ గొంతులకు కుదిరే ఒకటిన్నర కట్ట. మా ఆడగొంతులకు ఐదో కట్ట కావాలి; కానీ నామం నడుస్తుండగా శ్రుతి మార్చేదెలా? మా వాళ్లు అలవాటు ప్రకారం పై స్థాయి షడ్జం పట్టుకున్నారు. గుడి వెనక షెడ్డులో సాంచెలు ఆడుతున్నాయి, వాటిని గెలవాలని వాళ్ల పంతం. మెడ నరాలు తేలుతున్నాయి. నేను దొంగ ఊపిరి తీసుకున్నానో లేదో, కరెంటు పోయింది.

వాడలో సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగాయి. మైకు మూగబోయింది. ఆ నిశ్శబ్దంలో మా కేకలు మాకే వినపడి, సిగ్గుతో అందరి నోళ్లూ మూతపడ్డాయి. పెద్దబాపు చెయ్యి హార్మోనియం తిత్తి మీద బిగుసుకుపోయింది. మిగిలింది నా గొంతొక్కటే. చిన్నత్త అరచెయ్యి బోర్లించి కిందికి కిందికి అని చూపింది. ఒక స్థాయి కిందికి దిగాను. సన్నగా, వణుకుతూ నా గొంతు నాకు వినపడింది. తాళాలు తప్ప తోడు లేదు. వరుస చివరికొస్తోంది, ఊపిరి అయిపోతోంది. దొంగిలించడానికి పక్కన గొంతే లేదు. ఆఖరి అక్షరాన్ని సాగదీశాను, కళ్లు బైర్లు కమ్మాయి. సరిగ్గా అప్పుడు నా గొంతు కిందినుంచి గరగరమని, సగం గాలి సగం స్వరంగా నామం వినిపించింది. చిన్నత్త. ఆ చాటున ఊపిరి తీసుకున్నాను. తర్వాత ఒక్కొక్కరే కింది స్థాయిలోనే వచ్చి కలిశారు.

వంతు ముగిసి మగవాళ్ల జట్టు అందుకోగానే, వెనక నుంచి ఒకాయన నడుమ నామం తెగిందని, తాను చూస్తూనే ఉన్నానని అన్నాడు. అందరూ పెద్దబాపు వైపు చూశారు. ఆయన హార్మోనియం మరొకరికి అప్పగించి, తీరిగ్గా కండువా దులుపుకొన్నాడు.

"చూస్తె ఏమెరుక. నేను ఇన్న. తెగలే."

తర్వాత చెల్లెలి దగ్గరకొచ్చి, నేల చూస్తూ అడిగాడు: "వచ్చే ఏడు మీకు ఇంకో హార్మోనియం పెట్టె తెప్పిస్త. శ్రుతి ఎంత వెట్టాలె?"

చిన్నత్త చెయ్యెత్తి అయిదు వేళ్లూ చూపించింది.

కరెంటు పోయిన ఆ నిశ్శబ్దం గడియారంతో కొలిస్తే ఎంతో ఉండదు. స్వామి దయవల్ల ఆ తర్వాత నాకు చాలా ఏళ్లు దొరికాయి, వాటిలో చాలా మటుకు నాకు ఆ కాసేపటికన్నా తొందరగానే గడిచిపోయాయి.