ప్లాస్మిడ్‌కు పసుపు బొట్టు

మా డిపార్ట్‌మెంట్ ఆఫీసు మీద నా కోపం ఇంకా చల్లారలేదు. నాకొచ్చిన పార్శిల్‌ను ‘ఈ పేరుగల వారు లేరు’ అని తిప్పి పంపేశారు. హాజరు తక్కువైందని నోటీసు అంటించేటప్పుడు మాత్రం అదే పేరు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుంది. అందుకే రెండోసారి పంపమని ఆ పంపిన ల్యాబ్ వాళ్లను బతిమాలినప్పుడు విశాఖలో మా యూనివర్సిటీ అడ్రసు కాకుండా నర్సీపట్నంలో మా ఇంటి అడ్రసు ఇచ్చాను.

అందులో వచ్చేది ప్లాస్మిడ్, అంటే గుండ్రని చిన్న డీఎన్‌ఏ ముక్క. దాన్ని మనిషి కణాల్లోకి ఎక్కిస్తే, అవి నాకు కావలసిన ప్రోటీన్‌ను ఆకుపచ్చగా మెరిసే తోకతో సహా తయారుచేస్తాయి. నా పీహెచ్‌డీ అంతా ఆ మెరుపు మీదే ఉంది. దాన్ని సీసాలో పంపరు. వడపోత కాగితం మీద ఒక చుక్క వేసి, ఆరబెట్టి, చుట్టూ పెన్సిల్‌తో సున్నా గీసి పంపుతారు. ఇంకోసారి పంపేది లేదని ముందే చెప్పారు, అదీ విసుగ్గా. ఆ విసుగూ నాకు గుర్తుంది.

శనివారం ఇంటికి వెళ్లేసరికి మా మేనత్త కవరు చింపేసింది. కాగితం దేవుడి గూట్లో ఉంది. సరిగ్గా సున్నా మధ్యలో తడి పసుపు బొట్టు.

"ఏటత్తా ఇది?"

"కొత్త వస్తువు ఇంట్లోకొస్తే బొట్టెట్టకుండా ఎలగుంటానే? ఫ్రిజ్‌కెట్టాను, మీ నాన్న బండికెట్టాను. దీనికైతే ఎక్కడెట్టాలో ఆళ్లే గీసి పంపారు."

"నా పీహెచ్‌డీ అందులో ఉందత్తా!"

"కాళీ కాయితంలో ఏటుంటాదే? ఉంటే మరీ మంచిది, బేగి అయిపోద్ది. సెప్పు, టీ ఎట్టనా?"

ఆ రోజు ఆవిడ చేతి టీ తాగలేదు.

ల్యాబ్‌లో ఆ సున్నా కత్తిరించి నీళ్లలో నానబెడితే, నీళ్లు పసుపు రంగుకి తిరిగాయి. అయినా వదల్లేదు. ఆ నీళ్లను బ్యాక్టీరియాకు పట్టించి, పెంచి, వాటిలోంచి ప్లాస్మిడ్ తీసి, కణాల్లోకి ఎక్కించాను. మైక్రోస్కోపులో ఆకుపచ్చ వెలుగు!

మా గైడు గారు చూసి, "పసుపు కూడా ఈ కాంతిలో ఇలాగే మెరుస్తుందమ్మా. ఇది మీ మేనత్త గారి వంటింటి వెలుగేమో" అన్నారు. ల్యాబంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో చెప్పమంటే ఇప్పుడైనా చెప్పగలను.

మర్నాడే మా ఇంటి పసుపు తెచ్చి, ప్లాస్మిడ్ ఎక్కించని కణాల మీద పోశాను. కణం మొత్తం మసకగా, పులిమినట్టు మెరిసింది. నా కణాల్లో అలా కాదు. నా ప్రోటీన్ ఉండేది కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో; వెలుగు సన్నని దారాల్లా అక్కడే ఉంది, చుట్టూ చీకటి. రెండూ పక్కపక్కనే పెట్టి గైడు గారిని పిలిచాను. చాలాసేపు చూశారు.

"సరే, నీదే" అన్నారు. నవ్వినందుకు ఏమీ అనలేదు.

అత్తకు ఫోన్ చేశాను. "వెలిగిందత్తా."

"సూసేవా, బొట్టెట్టబట్టే!"

"నువ్వు పెట్టినా వెలిగింది!"

"అదేలే, రెండూ ఒకటే."

తర్వాతి ప్లాస్మిడ్ ఎక్కడికి తెప్పించుకోవాలా అని ఆలోచించాను. ఆఫీసు వాళ్లు నాకు సారీ చెప్పనే లేదు. మళ్లీ నర్సీపట్నం అడ్రసే ఇచ్చి, బొట్టు కవరు మీద పెట్టుకోమని అత్తను ఒప్పించాను.