వాళ్లు ఏడన్నారు, హెప్సిబా నాలుగంది

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటను ఒక్కటి కూడా పూర్తిగా చూడకుండా దాని మీద బతికే మనిషి తర్లుపాడులో ఒకరున్నారు. పేరు హెప్సిబా. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, మార్కాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో మూడేళ్లు పాఠాలు చెప్పింది. జీతం మూడు నెలలకొకసారి ఇచ్చే కాలేజీ అది. ఆగస్టులో అది మానేసి, ఇంటి ముందుగదిలో లాప్‌టాప్ పెట్టుకుని, అమెరికాలోని ఒక వెబ్‌సైట్‌కు పందేల అంకెలు తూచి పెట్టే పనిలో చేరింది. తాను మాత్రం ఒక్క రూపాయి కాయలేదు. ఆ మాట చెప్పినా వినకుండా పాస్టరుగారు ఆమె కోసం రెండు ఆదివారాలు ప్రత్యేకంగా ప్రార్థన చేయించారు. పాపాన్ని ఖండించేవాళ్లకు మనకెప్పుడూ కొరత లేదు. లెక్క ఏమిటని అడిగేవాళ్లకే కొరత.

లెక్క కష్టమేమీ కాదు. బలమైన జట్టు గెలుస్తుందని అందరికీ తెలుసు, అందుకని పందేల కంపెనీ ఒక అంకె పెడుతుంది. ఉదాహరణకు ఏడు. ఆ జట్టు ఏడు పాయింట్లకు మించిన తేడాతో గెలిస్తే దాని మీద కాసినవాడికి డబ్బు. తేడా అంతకన్నా తగ్గినా, జట్టు ఓడినా, అవతలివాడికి. ఈ అంకెను లైన్ అంటారు. డబ్బు ఎటు ఎక్కువ పడితే దానికి తగ్గట్టు లైన్‌ను జరుపుతారు, ఆట నాటికి అది దాదాపు సరైన చోటికి చేరుతుంది. వారం మొదట్లోనే లైన్ ఎక్కడ తప్పుగా ఉందో పట్టుకోవడం హెప్సిబా పని.

ఈ విద్య ఆమెకు యూనివర్సిటీలో అబ్బలేదు. వాళ్ల నాయన ఏబేలు పెద్దారవీడు చుట్టుపక్కల చింతచెట్లను పిందె మీదే గుత్తకు తీసుకుంటాడు. కాపు ఎంత దిగుతుందో ఎవరికీ తెలియదు, ధర మాత్రం ఆ రోజే తేల్చుకోవాలి. పోయినేడు విరగ్గాసిన చెట్టుకు గుత్తదారులంతా ఎగబడతారు. ఏబేలు దాని జోలికే పోడు. వరసగా రెండేళ్లు విరగ్గాసే చెట్టు అరుదు.

హెప్సిబా జట్లనూ అట్లాగే చూసింది. పోయినేడు ఒకటి రెండు పాయింట్ల తేడాతో బోలెడు ఆటలు గెలిచిన ఒక జట్టుకు కాపు అయిపోయిందని మార్కులు కోసేసింది. జట్టేమీ చెట్టు కాదని వెబ్‌సైట్ ఎడిటరమ్మ నవ్విందట. తీరా పదేళ్ల ఫలితాలు తిరగేస్తే, అంత అదృష్టం రెండో ఏడు నిలవదని అవీ చెప్పాయి. కారణం తప్పు, అంకె ఒప్పు.

మూడు నెలల ప్రొబేషన్ అక్టోబరుతో ముగుస్తుంది. ఉంచుకోకపోతే మళ్లీ ఆ కాలేజీ గుమ్మమే. ఆఖరి వారం సరిగ్గా అదే జట్టుకు కంపెనీలు ఏడు పెట్టాయి. హెప్సిబా నాలుగే అని రాసింది. అవతలి జట్టు మీద కాయడమే లాభమంది. ఎడిటరమ్మ రెండుసార్లు అడిగినా అంకె మార్చలేదు.

సోమవారం పొద్దున ఫలితం చూస్తే ఆ జట్టు పది పాయింట్ల తేడాతో గెలిచింది. హెప్సిబా లాప్‌టాప్ మూసేసింది. తల్లి ఎలీషబా కాలేజీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడగల బంధువులెవరో అప్పుడే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఏబేలు మాత్రం టీ గ్లాసు కింద పెట్టి ఒక్కటే అడిగాడు.

"ఆట మొదలయ్యేటప్పటికి వాళ్ల ఏడు ఎంతకు దిగినాది?"

"నాలుగున్నరకు నాయనా."

"మరి దిగులెందుకు తల్లీ? నువ్వు చెప్పినాక లోకమంతా నీ ధరకే వచ్చినాది. ఆనక గాలికి పిందె రాలితే బేరం తప్పంటామా?"

"వాళ్లు కూడా నీ మాదిరే అనుకోవాల గదా."

సాయంత్రం ఎడిటరమ్మ ఫోన్ చేసింది. గెలుపోటములు తాము చూడలేదంది. ఒక ఆటలో ఏమైనా జరగొచ్చు, మూడు నెలల్లో నలభై లైన్లు తప్పన్నావు, ఆట నాటికి ఇరవై తొమ్మిది నీ అంకె వైపే జరిగాయి, నవంబరు నుంచి ఉద్యోగం ఖాయం అంది.

ఎలీషబాకు నమ్మకం కుదరలేదు. ఓడిపోతే ఉద్యోగమెట్ల ఇస్తారని అడిగింది. హెప్సిబా రెండుసార్లు విడమరిచి చెప్పింది. మూడోసారి మొదలుపెట్టబోతే తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"చాల్లేవే. అడిగినోళ్లకు గెలిచినావనే చెప్తా. ఇదంతా చెప్పేదానికి నాకు ఓపిక లేదు."