గౌలిపుర గల్లీలో ముప్పై ఒకటో ఇల్లు

ఉదయం ఆరున్నరకు కాజీపేటలో పాసింజర్ ఎక్కాను. నన్నెవరూ రమ్మనలేదు. రెండేళ్ల క్రితం పాతబస్తీ గౌలిపురలో నేను రాసిన ఒక అబద్ధాన్ని అక్కడే సరిదిద్దాలని బయల్దేరాను.

అప్పుడు నేను ఒక ఆరోగ్య సంస్థలో పనిచేసేవాణ్ణి. బీపీ, షుగర్ పరీక్షలకు జనం రావడం లేదని గల్లీ మొత్తానికి కలిపి ఒక బహుమతి పెట్టాం. ముప్పై ఒక్క ఇళ్లవాళ్లూ వస్తే బోనాలకు పనికొచ్చే షామియానా, పెద్ద వంటగిన్నెలు. ఒక్క ఇల్లు తప్పినా ఎవరికీ ఏమీ లేదు. పక్కింటివాళ్లే పక్కింటివాళ్లను చెయ్యిపట్టుకుని తెచ్చారు. ముప్పై ఇళ్లు వచ్చాయి. పాలమ్మే యాదమ్మ రానన్నదని రాశాను.

ఆమె వచ్చింది. ఇళ్లకు పాలు పోసి, గేదెలకు మేత వేసి, శిబిరం ముగిసే ఒంటిగంటకు పది నిమిషాల ముందే వచ్చింది. రైలు అందదని నేను అప్పటికే పెట్టెలు సర్దేశాను. రేపు చూద్దామని పంపేశాను. అదే ఆఖరి రోజు.

వచ్చానని ఆమె ఎంత చెప్పినా, బహుమతి పోయిన గల్లీ నా కాగితాన్నే నమ్మింది. ఆమె దగ్గర పాలు మానేశారని, బోనాలకు ఆమె చందా కూడా తీసుకోవడం లేదని పోయిన నెల అక్కడి ఆశా కార్యకర్త ఫోన్లో చెప్పింది.

తొమ్మిదీ నలభైకి సికింద్రాబాద్. స్టేషన్ బయట రెండు ఇడ్లీలు తిని చార్మినార్ బస్సెక్కాను. గాజుల పెట్టె ఒళ్లో పెట్టుకున్న పెద్దాయన పక్కన సీటు దొరికింది. ఎక్కడికని అడిగితే గౌలిపుర అన్నాను.

"గౌలిపురల మీవోళ్లున్నరా భాయ్?"

లేరన్నాను.

"దావత్ ఉన్నదా?"

కాదన్నాను.

"చుట్టాల్లేరు, దావత్ లేదు. పెండ్లి సంబంధం జూస్తున్నవా ఏంది, గీ వయసుల?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

చార్మినార్‌లో దిగి షాలిబండ మీదుగా నడిచాను. పదకొండున్నరకు గల్లీ చేరాను. గల్లీ పెద్ద నర్సింగన్న తన కిరాణా దుకాణం మెట్ల మీద నలుగురితో కూర్చుని ఉన్నాడు. నిలబడే అంతా చెప్పాను. ఎవరూ తిట్టలేదు.

"మీ కాయితం జూసి రెండేండ్లు గామెతోని మాట్లాడలే సార్" అన్నాడు నర్సింగన్న. లేచి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను.

యాదమ్మ వాకిట్లో పాల క్యాన్లు కడుగుతోంది. ఆయన గడప బయటే ఆగాడు.

"అక్కా, ఈ యేడు బోనాలకు నీ చందా ఇయ్యి."

ఆమె తోముతున్న క్యానును బోర్లించింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆగిన రెండేండ్లది గుడ తీస్కుంటెనే ఇస్త."

ఆయన తల ఊపాడు. ఆమె నావైపు చూసింది.

"గా దినం పది నిమిషాలు ఆగితే అయిపోవు గద సార్."

లోపలికి వెళ్లిపోయింది. నర్సింగన్న అక్కడే నిలబడ్డాడు. నన్ను ఎవరూ కూర్చోమనలేదు.

రెండున్నరకు సికింద్రాబాద్‌లో తిరుగు రైలెక్కాను. ఎదుటి సీటు కాజీపేట దాకా ఖాళీగానే ఉంది. ఇలాంటి బహుమతి పెట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. అది పనిచేస్తుంది, మిగిలిపోయిన ఇంటిని వెలివేసేటంతగా. అందుకే పాలమ్మేవాళ్లున్న గల్లీలో పాలు పోసే వేళ శిబిరం పెట్టకండి. ఆఖరి ఇల్లు వచ్చేదాకా పెట్టెలు సర్దకండి.

రెండేళ్ల క్రితం ఆ శిబిరం రోజు నా రైలు గంట ఆలస్యంగా వచ్చింది. ఆ గంటా ప్లాట్‌ఫాం మీద ఊరికే కూర్చున్నాను. యాదమ్మకు ఆ సంగతి మాత్రం చెప్పలేకపోయాను.