నాన్నతో పాటు పాతిపెట్టిన గేమింగ్ పీసీ

దెయ్యాలు, ఆత్మలు అంటూ చెప్పుకొచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొదటినుంచీ అంతే. తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. అక్కడ ఏది పాడైనా దానికో కారణం ఉంటుంది. వైరు ఊడి ఉంటుంది, లేదా ఎవరో కీబోర్డు మీద టీ ఒలకబోసి ఉంటారు. కారణం దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. అలాంటి నేను ఈ సంగతి రాయాల్సి వస్తోంది. అందుకు కూడా కోపంగానే ఉంది.

రెండేళ్ల కిందట చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ పీసీ ఒకటి కొన్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, అది మధ్యలో తెర, రెండు పక్కలా బటన్లు ఉండే చిన్న పలక లాంటిది. లోపల మాత్రం పూర్తి కంప్యూటరే. ముప్పై నాలుగేళ్ల పెళ్లికాని ఆడదానికి ఆటలేంటని మా చుట్టాలు అన్నారు. నా జీతం, నా ఇష్టం అన్నాను.

మొదటి నెల పిచ్చి పట్టినట్టు ఆడాను. సాయంత్రం రైలు దిగి ఏలూరులో ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా కూర్చునేదాన్ని. అమ్మ అన్నానికి పిలిస్తే "వస్తున్నా" అనేదాన్ని, వెళ్లేదాన్ని కాదు. రెండో నెల నుంచి ఆట తగ్గి సర్దుడు ఎక్కువైంది. ఫ్యాన్ చప్పుడు ఎలా తగ్గించాలి, బ్యాటరీ ఇంకో ఇరవై నిమిషాలు ఎలా వస్తుంది, బొమ్మ ఇంకా బాగా ఎలా కనిపిస్తుంది, ఇదే గోల. తెరకి గ్లాసు, మెమరీ కార్డు, స్టాండు, దాచుకోవడానికి నల్లటి జిప్పు కేసు కొన్నాను. నలభై ఆటలు ఎక్కించి రెండే ఆడాను.

వానాకాలం వచ్చేసరికి ఆ రెండూ పోయి ఒక్కటి మిగిలింది. అది పడవలో తిరుగుతూ చేపలు పట్టే ఆట. ఎక్కడైనా ఆపచ్చు, మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టచ్చు. పొద్దున్న రైల్లో ఏలూరు నుంచి భీమడోలు దాకా ఆడేదాన్ని. రైలు పుల్ల స్టేషన్లో క్రాసింగ్ కోసం ఆగితే ఇంకో గాలం వేసేదాన్ని. నాతో వచ్చే టీచరమ్మ ఒకావిడ, "ఏవండీ, కొల్లేరు పక్కనే పెట్టుకుని పెట్టెలో పట్టుకుంటారేంటండీ చేపలు?" అని నవ్వేవారు.

తర్వాత అదీ మానేశాను. రైల్లో అందరిలాగే ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాను. మిషన్ అలమరలో పడింది. కొన్నందుకు మనసు పీకి, నెలకోసారి చార్జింగ్ పెట్టి మళ్లీ లోపల పెట్టేదాన్ని. ఇలాంటిది కొన్న నా స్నేహితులు కూడా ఇదే వరస చెబుతారు.

అలమరలోంచి దాన్ని బయటికి తీసింది నాన్న.

నాన్న రిటైరైన హెడ్మాస్టరు. కైకలూరు వైపు కొల్లేరు ఊళ్లలో పని చేశారు. గత ఏడాది పక్షవాతం కొద్దిగా తగిలి కుడిచేతి వేళ్లు బిగుసుకుపోయాయి. ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమంది. ఆయనకి ఆ బంతి అంటే అసహ్యం. ఓ రోజు నేను ఇంటికొచ్చేసరికి మిషన్ పట్టుకుని కూర్చున్నారు. "వేళ్లకి ఇదే నయంగా ఉందమ్మాయ్" అన్నారు.

నేర్పించాను. గాలం వేయడానికి ఎడమచేతి బటన్ ఒక్కటీ చాలు, అది వచ్చేసింది. వల విసరాలంటే వెనక వైపున్న రెండు బటన్లూ రెండు చేతులతో ఒకేసారి గట్టిగా నొక్కి పట్టుకోవాలి. అది ఆయన వల్ల కాలేదు. రోజూ మధ్యాహ్నం నిద్ర లేచి టీ తాగి, నాలుగింటికి మొదలుపెట్టేవారు. నేను వచ్చేదాకా ఆడి, తెర తుడిచి, కేసులో పెట్టి జిప్పు వేసి, తన టేబుల్ మీద బైబిలు పక్కన ఉంచేవారు. ఆ బైబిలుది కూడా నల్ల జిప్పు కవరే, ఇంచుమించు అంతే సైజు.

ఇక్కడే నా బుద్ధి సంగతి చెప్పాలి. నెలల తరబడి నేను ముట్టని వస్తువు ఇంకొకరి చేతిలో కనిపించేసరికి నాకు మళ్లీ కావాలనిపించింది. ఓ ఆదివారం మధ్యాహ్నం నాన్న ఆడుతుంటే పక్కన నిలబడి చూశాను. తెర మీద నా పడవ లేదు. నా ఇల్లు లేదు. తొంభై గంటలు కూర్చుని నేను కట్టుకున్నదంతా పోయింది. తెలియక నా ఆట మీదే కొత్త ఆట మొదలుపెట్టారు ఆయన.

చేతిలోంచి లాక్కున్నాను. "మీకెందుకు నాన్నా ఇవన్నీ? బుద్ధిగా బైబిలు చదువుకోండి" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

"పొద్దున్నే చదువుకున్నానమ్మా" అన్నారు, అంతే.

లోపలికి వెళ్లి ఎన్ని గంటలు పోయాయో లెక్క చూసుకున్నాను. ఇద్దరివీ కలిపి ఆ ఆట మీద నూట నలభై రెండు గంటలు చూపించింది. ఆ అంకె నాకు బాగా గుర్తు. కోపం తగ్గాక మిషన్ కేసులో పెట్టి ఆయన టేబుల్ మీదే ఉంచాను. ఆడుకోమని మాత్రం చెప్పలేదు. ఆయనా మళ్లీ దాని జోలికి వెళ్లలేదు. సోమవారం నాలుగింటికి టీ తాగి ఊరికే కూర్చున్నారని అమ్మ చెప్పింది. మంగళవారం పొద్దున్న కుర్చీలోనే ప్రాణం పోయింది.

బుధవారం సమాధి చేశాం. మాలో పోయినవాళ్ల బైబిలు చేతుల కింద పెట్టి పంపడం అలవాటు. ఉండిలో చేపల చెరువులు చూసుకునే అన్నయ్య ఆదరాబాదరాగా వచ్చాడు. పెట్టె మూసే ముందు పాస్టరు గారు అడిగితే, టేబుల్ మీదున్న నల్ల జిప్పు కేసు తెచ్చి నాన్న చేతుల కింద పెట్టాడు. ఎవరూ తెరిచి చూడలేదు. నేనూ చూడలేదు.

మూడో రోజు ఇంట్లో ఓదార్పు ప్రార్థనకి ఆదరణ కూడిక జరిగింది. నాన్న గీత గీసుకున్న వాక్యం ఒకటి చదువుతానని, ఆయన పాత బైబిలు ఏదైనా ఉంటే తెమ్మన్నారు పాస్టరు గారు. అమ్మ వెతుకుతూ వెళ్లింది. అసలు బైబిలే ఆ టేబుల్ మీద ఉంది. దాన్ని పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, మరి పెట్టెలో పెట్టిందేంటని అడిగింది.

"నాకేం తెలుసు, రెండూ నల్లగానే ఉన్నాయి" అన్నాడు అన్నయ్య. నాలుగు మాటలు గట్టిగా అనేశాను. పాస్టరు గారు, "దేవుడు చేతులు చూడడు, హృదయం చూస్తాడు" అన్నారు. ఆ మాట అమ్మకి ఎక్కలేదు.

"పునరుత్థాన దినాన మీ నాన్న ఏం పట్టుకుని లేస్తారే? ఆటవస్తువా?" అంది నాతో.

సమాధి తవ్వించి బైబిలు పెట్టాల్సిందేనని పట్టుబట్టింది. అన్నం మానేసింది, మజ్జిగ మాత్రం తాగేది. అన్నయ్య తప్పు తనదే కదా అని ఆఫీసుల చుట్టూ తిరిగి దరఖాస్తు రాయించుకొచ్చాడు. అమ్మ సంతకం పెట్టింది, వాడూ పెట్టాడు. నాదొక్కటే మిగిలింది. నాన్నని బయటికి తీయించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అలాగని అమ్మని పస్తు పెట్టి చూస్తూ ఊరుకోవడమూ చేతకాలేదు.

ఆ తర్వాతి మంగళవారం కాలేజీకి వెళ్లాను. మిషన్ ఎలాగూ పోయింది కాబట్టి, ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని నా గేమ్ ఖాతా తెరిచాను. మిషన్ పోయిందని అందులో నమోదు చేయాలనుకున్నాను.

పడవ ఆట పక్కన నూట నలభై తొమ్మిది గంటలు అని ఉంది. చివరిసారి ఆడింది నిన్న.

కారణాలు వెతికాను, అది నా ఉద్యోగం. ఆ మిషన్ బ్యాటరీ ఆడితే మూడు గంటలు వస్తుంది. చార్జర్ మా ఇంట్లోనే ఉంది. దానికి తెలిసింది మా ఇంటి వైఫై ఒక్కటే, సమాధుల తోట ఊరికి ఆ చివర. నా ఖాతాలోకి ఎవరైనా దూరారా అని చూశాను. లోపలికి వచ్చిన పరికరాల జాబితాలో ఆ ల్యాబ్ కంప్యూటరు కాక మరొక్క పేరే ఉంది. అది నా మిషన్ పేరు. ఎవరైనా తీసుకుని ఖాళీ కేసు పెట్టారేమోనని ఇల్లంతా, అన్నయ్య కారుతో సహా గాలించాను. ఆ రోజు తీసిన ఫొటోల్లో నాన్న చేతుల కింద కేసు ఉబ్బెత్తుగా, నిండుగా కనిపిస్తోంది.

బుధవారం నూట యాభై ఒకటి అయింది. గురువారం ఒక పతకం వచ్చింది. ఆటలో ఏదైనా మొదటిసారి సాధిస్తే ఇచ్చే చిన్న బొమ్మ అది. మొదటిసారి వల విసిరినందుకు ఇచ్చారు. నేను ఆడినన్నాళ్లూ గాలంతోనే గడిపాను, వల జోలికి పోలేదు. అది రెండు చేతులతో నొక్కాల్సిన పని. పక్కన టైము నాలుగూ పదిహేడు అని ఉంది.

ఫోన్‌తో ఫొటో తీసి మా సీనియర్ సార్‌కి చూపించాను. "సర్వర్ తప్పు అయ్యుంటుందండీ" అన్నారు. కంపెనీకి రాశాను. లెక్క సరిగ్గానే ఉందని, ఆట మీ మిషన్‌లోంచే నడుస్తోందని జవాబు వచ్చింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఖాతా మీద ఇలాంటి అనుమానం వస్తే ముందు పాస్‌వర్డ్ మార్చమని పిల్లలకి నేనే పాఠం చెబుతాను. నేను మార్చలేదు. దొంగ అయితే పోతాడు, సరే. దొంగ కాకపోతే?

శనివారం అన్నయ్య ఫోన్ చేసి సంతకం పెడతావా పెట్టవా అని అరిచాడు. ఇంక దాచలేక అమ్మకి అన్నీ చూపించాను. ఏడుస్తుందనుకున్నాను. మండిపడింది.

"అది నాన్న కాదు. చచ్చిపోయినవాళ్లు ఆడుకోరు" అంది. ఫోన్ తీసుకుని ఆ పతకం బొమ్మని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ప్రభువునందు నిద్రించారని కార్డు వేయించాం కదే. ఒకవేళ ఆయనే అయితే, ఆ మిషన్ ఆయన్ని పడుకోనివ్వట్లేదు. దాన్ని ఆపెయ్యి" అంది.

"ఆపేస్తే సమాధి తవ్వించడం మానేస్తావా?" అన్నాను.

"మానేస్తాను. బైబిలు నా దగ్గరే ఉంచుకుంటాను. ఆయన్ని పడుకోనీ."

నాకు అమ్మ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆయన పడుకోవాలనుకుంటున్నారని ఈవిడకెవరు చెప్పారు? జీవితమంతా గంట కొట్టగానే లేచిన మనిషి, చేతులు బాగుపడితే కాసేపు ఆడుకోకూడదా? ఇదంతా మనసులోనే అనుకున్నాను. వారానికి పైగా మజ్జిగ మీద ఉన్న మనిషితో వాదించలేకపోయాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, మధ్యాహ్నం నిద్ర లేచాక, అమ్మ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. లాప్‌టాప్‌లో ఖాతా తెరిచాను. దాన్ని మూసేస్తే ఆ మిషన్‌లో ఆట ఇంక నడవదు. శాశ్వతంగా మూసేసే పేజీలోకి వెళ్లే ముందు ఆటల జాబితా కనిపించింది. పడవ ఆట పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. ఎవరైనా ఆ క్షణంలో ఆడుతుంటేనే ఆ చుక్క వెలుగుతుంది. గోడ మీద గడియారంలో నాలుగున్నర.

అమ్మకి ఇంగ్లీషు రాదు. "ఏమందే అది?" అని అడిగింది.

"ఏం లేదమ్మా" అన్నాను.

నిజంగానే మూసేయాలా అని అది రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునని నొక్కాను. పేజీ మొత్తం తెల్లగా అయిపోయింది.

అమ్మ లేచి వెళ్లి కుక్కర్ పెట్టుకుంది. ఆ పూట కందిపచ్చడి వేసుకుని రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. దరఖాస్తు నేనే చింపేశాను.

ఇది జరిగి ఐదు నెలలైంది. చార్జింగ్ లేకుండా, సిగ్నల్ లేకుండా, మట్టి కింద ఆ గంటలు ఎలా పెరిగాయో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లందరినీ అడిగాను. తెలియని సంగతితో ఎలాగో బతికేయచ్చు. నన్ను తినేస్తున్నది వేరే ఉంది. ఆడుకుంటున్న మనిషి చేతిలోంచి నేను రెండుసార్లు లాక్కున్నాను. మొదటిసారి కోపంలో, రెండోసారి తెలిసి తెలిసి. మొదటిసారి ఆయన ఏదో ఒక మాట అన్నారు. రెండోసారి ఏమన్నారో నాకు వినపడలేదు.